పేపరు చదవడం నేర్పితే పేపరు మారుతుందా?

మాస్టారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయనగరం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతున్నారు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో మీడియా లిటరసీ క్లబ్, అంటే వార్తలను పరీక్షించి చదవడం నేర్పే క్లబ్, పెడదామని ఉంది. హెడ్మాస్టరు గారేమో "ఫోన్లలో వచ్చే ఫేక్ న్యూస్ గురించి ఒక గంట చెప్పేస్తే సరిపోతుంది కదా" అన్నారు, స్టాఫ్ రూములో ఒకాయన "మీరు పిల్లలకు చెప్తే టీవీలు, పేపర్లు మారిపోతాయేంటండీ" అని నవ్వారు. ఎవరి మాట వినాలి అని అడిగారు. హెడ్మాస్టరు గారి గంట వల్ల ఒరిగేదేమీ లేదు. నవ్వినాయన మాత్రం సరైన ప్రశ్నే అడిగారు, జవాబు వినకుండా నవ్వారంతే.

నా సంగతి చెప్పి మొదలుపెడతాను, ఎందుకంటే ఇందులో సగం నేను చేసిన తప్పుల నుంచి నేర్చుకున్నవే. శ్రీకాకుళం జిల్లాలో ఒక మండలానికి తొమ్మిదేళ్లు పేపరు కంట్రిబ్యూటర్‌గా, అంటే మండల విలేకరిగా చేశాను, ఆ తర్వాత ఆరేళ్లు డెస్కులో, అంటే వచ్చిన వార్తలు దిద్ది శీర్షికలు పెట్టే చోట, సబ్ ఎడిటర్‌ని. మానేశాక, తెలిసిన టీచర్లు పిలిచిన చోటికల్లా పాత పేపర్ల కట్ట పట్టుకుని వెళ్తున్నాను, ఆమదాలవలస నుంచి చీపురుపల్లి దాకా.

ముందు ఆ గంట సంగతి. 2019 లోక్‌సభ ఎన్నికలప్పుడు బిహార్‌లో సుమిత్రా బద్రీనాథన్ అనే పరిశోధకురాలు ఓటర్ల ఇళ్లకు మనుషులను పంపించి, తప్పుడు వార్తను ఎలా పట్టుకోవాలో గంటసేపు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పించి చూశారు. తర్వాత పరీక్షిస్తే, నేర్చుకున్నవాళ్లకీ నేర్చుకోనివాళ్లకీ మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే బిహార్‌లో ఆ తర్వాత ఆవిడే ఇంకొందరితో కలిసి, రాష్ట్ర ప్రభుత్వం తోడుగా, 583 ఊళ్లలో 13 వేలకు పైగా పిల్లలకు వారాల తరబడి క్లాసులు పెట్టారు. ఈసారి పనిచేసింది. నెలల తర్వాత అడిగినా పిల్లలకు పట్టు పోలేదు, ఇంట్లో అమ్మానాన్నలకు కూడా కొంత అంటుకుంది. కేరళలో కన్నూరు కలెక్టరు 2018లో సుమారు 150 సర్కారు బడుల్లో మొదలుపెట్టింది కూడా ఇలాంటిదే. తట్టు, రుబెల్లా టీకా మీద వాట్సాప్‌లో తిరిగిన పుకార్లు నమ్మి జనం పిల్లలకు సూది వేయించకపోవడం అక్కడ ఒక పెద్ద కారణం. కాబట్టి హెడ్మాస్టరు గారికి ఈ రెండూ చూపించి వారానికి ఒక పీరియడ్ అడగండి, కనీసం ఒక టర్మ్ అంతా.

బడుల్లోనే మీడియా అక్షరాస్యత నేర్పే ఫిన్లాండ్ మోడల్ అని ఎవరైనా పీపీటీ పంపిస్తే పక్కన పెట్టేయండి. మంచిదే, కానీ అక్కడి మందు అక్కడి జబ్బుకి. మన జబ్బు వేరు. మన దగ్గర ఏ పేపరు ఏ పార్టీ వైపో, ఏ ఛానెల్ వెనక ఎవరున్నారో టీ కొట్టు దగ్గర గ్లాసులు కడిగే కుర్రాడికి కూడా తెలుసు. "ఆ పేపరోడు అలాగే రాస్తాడు" అనేది మనవాళ్లకి ఊతపదం. పుస్తకాల్లో చెప్పే మీడియా అక్షరాస్యతలో మొదటి పాఠం, యాజమాన్యం ఎవరిది అనేది, మనకు ఉగ్గుపాలతోనే వచ్చేసింది. వచ్చి ఏం లాభం? అవతలి పేపరు రాసిందంతా అబద్ధం, మన పేపరు రాసిందంతా నిజం అనే దగ్గర ఆగిపోయాం. ఇంకొంచెం చదువుకున్నవాళ్లు "అందరూ దొంగలే" అనేసి, ఆ తర్వాత బావమరిది ఫార్వర్డ్ చేసింది నమ్ముతారు. మీ క్లబ్బులో పిల్లలకు అనుమానించడం నేర్పక్కర్లేదు, అది ఇంటి నుంచే తెచ్చుకుంటారు. ఒక వార్త ఏ ఆధారం మీద నిలబడిందో చూడటం నేర్పాలి, అది ఎవరి పేపర్లో వచ్చినా సరే.

దానికి తెలుగు పేపరుకు మించిన పనిముట్టు లేదు, ఎందుకంటే మన భాషలోనే దొంగ దారులన్నీ పేర్లతో సహా ఉన్నాయి. పిల్లలకు ఎర్ర పెన్ను ఇచ్చి జిల్లా పేజీలో ఈ మాటలు ఎక్కడ కనిపిస్తే అక్కడ గీత గీయమనండి: తెలిసింది, సమాచారం, వినికిడి, భోగట్టా, ప్రచారం జరుగుతోంది, చర్చనీయాంశమైంది, ఆరోపణలు వెల్లువెత్తుతున్నాయి, విశ్వసనీయ వర్గాలు. ఆఖరికి శీర్షిక చివర్లో ప్రశ్నార్థకం. ఆ పేజీ నేనే కొన్ని వందలసార్లు పెట్టాను కాబట్టి చెబుతున్నాను, ఈ మాటల్లో చాలావాటికి అర్థం "నేను ఎవరినీ అడగలేదు" అని. అన్నీ కాదు. కొన్నిసార్లు చెప్పినవాడి ఉద్యోగం పోతుందని పేరు దాస్తాం, అది న్యాయమే. ఏది ఏదో తేల్చడానికి పిల్లలకు ఒకే ప్రశ్న ఇవ్వండి: ఈ మాట చెప్పినాయన పేరు దాచడానికి ఏదైనా కారణం కనిపిస్తోందా? మున్సిపాలిటీ చెత్తబుట్టల వార్తకు విశ్వసనీయ వర్గాలెందుకు?

చావుల వార్తలు ఇంకో గని. "లారీ మృత్యువై దూసుకొచ్చింది" అని రాస్తాం. జాతీయ రహదారి పదహారు మీద అదే మలుపులో నాలుగో ప్రమాదమైనా సరే లారీయే యముడు, రోడ్డు వేసినవాడు, దీపం పెట్టనివాడు, సర్వీసు రోడ్డు వదిలేసినవాడు వార్తలో ఉండరు. ఆత్మహత్య అయితే "మనస్తాపంతో". ఆడమనిషి హత్య అయితే పోలీసులు చెప్పిన కారణం, అదీ ఆమె నడవడి మీద, మొదటి పేరాలోనే. పిల్లల చేత ఆ వార్తనే మళ్లీ రాయించండి, తెలిసినవి మాత్రమే ఉంచి, ఎవరు చెప్పారో రాసి. ఎనిమిది అంగుళాల వార్త మూడు అంగుళాలకు వచ్చేస్తుంది, పిల్లలు పగలబడి నవ్వుతారు. ఒకసారి ఒక గుంటడు లేచి "పేపర్లో పడ్డాది కదేటి మాస్టారూ, మరి అబద్దం ఎలగవుద్ది?" అని అడిగాడు. ఆ రోజు నేను నా కథ చెప్పాల్సి వచ్చింది.

అది 2018 మే. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాట్సాప్ మోగిపోతోంది. మా డెస్కుకు ఒక మండలం నుంచి వార్త వచ్చింది, బస్టాండు దగ్గర గోనెసంచితో తిరుగుతున్న ఒకావిడను జనం పట్టుకుని కొట్టి పోలీసులకు అప్పగించారని. ఆవిడకు మతిస్థిమితం లేదని, ఒడిశా నుంచి తప్పిపోయి వచ్చిందని పోలీసులు చెప్పినట్టు అదే వార్తలో ఆఖరి వాక్యం. నేను ఆఖరి వాక్యం ఆఖరునే ఉంచాను. పైన పెద్ద అక్షరాలతో "పిల్లలను ఎత్తుకెళ్లే ముఠా కలకలం?" అని పెట్టాను. ప్రశ్నార్థకం ఉంది కదా, మనమేమీ ఖాయంగా అనలేదు కదా అనుకున్నాను. మర్నాడు ఆ శీర్షిక ఒక్కటే, కింద వార్త లేకుండా, ఫొటో తీసి గ్రూపుల్లో తిప్పారు, "ఇదిగో పేపర్లో కూడా వచ్చింది" అని. రెండు రోజుల తర్వాత పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఇద్దరిని పక్క మండలంలో కొట్టారు. నా శీర్షిక వల్లే కొట్టారని ఎవరూ అనలేదు, అడగలేదు కూడా. ఆ జూలైలో మహారాష్ట్ర ధులే జిల్లాలో ఇదే పుకారుకు ఐదుగురిని కొట్టి చంపారు, ఆ తర్వాతే మన దేశంలో ఒక మెసేజీని ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది. వాట్సాప్‌కి కట్టడి వచ్చింది. నా ప్రశ్నార్థకానికి ఎవరూ కట్టడి పెట్టలేదు.

అందుకే ఫేక్ న్యూస్ అంటే ఫోనే అనుకోవడం నాకు ఒప్పు కాదు. ఫోన్లో పుకారు పుడుతుంది, పేపరు దానికి ఆధార్ కార్డు ఇస్తుంది.

ఇక డబ్బు. చాలామంది టీచర్లు ఇక్కడ జంకుతారు, కానీ ఇది లేకపోతే మీ క్లబ్బు ఉత్త జాగ్రత్తల క్లాసు అయిపోతుంది. స్కేలు ఇచ్చి పేజీలో ప్రకటనలు ఎన్ని చదరపు సెంటీమీటర్లు, వార్తలు ఎన్ని అని కొలిపించండి, లెక్కల మాస్టారు కూడా సంతోషిస్తారు. తర్వాత, మనం పేపరుకు ఇచ్చే డబ్బులు ఆ కాగితం ఖర్చుకి కూడా సరిగ్గా చాలవని, మిగతాది ప్రకటన ఇచ్చినవాడే కడుతున్నాడని చెప్పండి. అప్పుడు విలేకరి దగ్గరికి రండి. మండల విలేకరికి జీతం ఉండదు, లేదా పెట్రోలుకి చాలనంత ఉంటుంది. పండగలకి, నాయకుల పుట్టినరోజులకి యాడ్ టార్గెట్ మాత్రం ఖచ్చితంగా ఉంటుంది. పత్రికా ఉద్యోగుల జీతాల మీద మజీఠియా వేజ్ బోర్డు చేసిన సిఫార్సులను 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది, అయినా మండల విలేకర్లలో చాలామంది ఆ లెక్కలోకే రారు, వాళ్లు ఉద్యోగులు కారు కదా. పొద్దున్న ఎవరి మీద వార్త రాయాలో సాయంత్రం అతని దగ్గరికే శుభాకాంక్షల ప్రకటనకు వెళ్లాలి. నేను వెళ్లాను. ఒకసారి ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో పిల్లలు వాంతులతో ఆసుపత్రి పాలైతే పన్నెండు మంది పేర్లతో సహా పంపాను, మర్నాడు సింగిల్ కాలమ్‌లో "పలువురికి అస్వస్థత" అని వచ్చింది, కాలేజీ పేరు లేదు. ఆ వారమే అడ్మిషన్ల ప్రకటన అరపేజీ పడింది. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

పేజీలో లేనిది చూడటం అన్నిటికన్నా కష్టమైన పాఠం, నేనింకా సరిగ్గా నేర్పలేకపోతున్నాను. ఉద్దానం సంగతి చెప్పి ప్రయత్నిస్తాను. కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బుతో జనం పోతున్నారని మా జిల్లా పేజీల్లో ఏళ్ల తరబడి రాశాం, నేనూ రాశాను. ఆ పేజీ శ్రీకాకుళం దాటదు. జిల్లాకో మినీ, అంటే ఆ జిల్లా వార్తలకే విడిగా వేసే చిన్న పేపరు, వచ్చాక ఇచ్ఛాపురం బాధ ఇచ్ఛాపురం వాళ్లే చదువుకుంటారు, విజయవాడలో నిర్ణయాలు తీసుకునేవాడి పేపర్లో అది ఉండదు. 2017 మొదట్లో పవన్ కల్యాణ్ వచ్చి బాధితులతో మాట్లాడాక గానీ రాష్ట్రమంతా చదివే పేజీల్లోకి గట్టిగా ఎక్కలేదు. పలాసలో రెండొందల పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచింది 2023 డిసెంబరులో. ఆ జబ్బు ఎందుకొస్తోందో తేలలేదు, తేలని చోట ఫోన్లో కషాయాలు అమ్మేవాళ్లు దూరారు. ఈ వరసంతా బోర్డు మీద గీసి చూపిస్తే పిల్లలకు అర్థమవుతుంది. ఫేక్ న్యూస్ ఒక్కటే చెప్పారనుకోండి, కషాయం వీడియోను మాత్రమే పట్టుకుంటారు. ఆ వీడియోకి అంత చోటు ఎలా దొరికిందో వాళ్లకు తట్టదు.

సరే, స్టాఫ్ రూములో నవ్వినాయన ప్రశ్నకి వద్దాం. దీనివల్ల మీడియా మారుతుందా?

పిల్లలు ఎర్ర గీతలు గీసినంత మాత్రాన మారదు. యాజమాన్యాలు ఎవరి చేతుల్లో ఉండాలి, రాజకీయ పార్టీలు ఛానెళ్లు నడపవచ్చా అన్నవి చట్టం తేల్చాల్సినవి. పార్టీలకు, వాటి మనుషులకు ప్రసార సంస్థలు ఉండకూడదని టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2008లో చెప్పింది, 2012లో చెప్పింది, 2014లో ఇంకోసారి చెప్పింది. కాగితాల మీదే ఉంది. 2009 ఎన్నికల్లో పెయిడ్ న్యూస్ మీద, అంటే డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తలా వేసే, మా భాషలో ప్యాకేజీల మీద, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో పరంజోయ్ గుహా ఠాకుర్తాతో పాటు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి కూడా ఉన్నారు. 2010లో పేర్లతో సహా నివేదిక ఇస్తే కౌన్సిల్ దాన్ని పూర్తిగా బయటపెట్టలేదు. కేంద్ర సమాచార కమిషన్ చెప్పాక 2011లో గానీ అధికారికంగా బయటికి రాలేదు. ఇక రెండో దారి, ఏది నిజమో ఏది అబద్ధమో ప్రభుత్వమే తేల్చేయడం. కేంద్రం 2023లో ఐటీ నిబంధనల్లో అలాంటి ఫ్యాక్ట్ చెక్ యూనిట్ పెట్టింది, 2024 సెప్టెంబరులో బాంబే హైకోర్టు కొట్టేసింది. మంచి పనే చేసింది, నా దృష్టిలో. పార్టీకో పేపరున్న మన దగ్గర గద్దె మారినప్పుడల్లా నిజం మారుతుంది.

పైనున్న ప్రభుత్వం చేయదు, చేస్తే ఇంకా ప్రమాదం. ఇక మిగిలింది చదివేవాడు. ఇది మాటవరసకు చెప్పడం లేదు, మన నేల మీదే జరిగింది ఉంది. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ల వాచకంలో సీతమ్మ అనే ఆవిడ కథ ఉండేది, ఊళ్లో సారా ఎలా ఆపారో. అ, ఆ లు దిద్దుకుంటూ దూబగుంటలో ఆడవాళ్లు అది చదివి, చర్చించుకుని, దుకాణం మూయించారు. అక్కడి నుంచి పాకి 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా వెళ్లింది. చదువు వచ్చింది కాబట్టి సారా పోయిందని నేననను, బోలెడు పోరాటం ఉంది మధ్యలో. కానీ ఆ పాఠం "సారా మంచిది కాదు, జాగ్రత్త" అని ఆగిపోయి ఉంటే పోరాటం మొదలయ్యేదే కాదు. అందులో ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఏమని అడగాలో ఉంది. మీ క్లబ్బుకి కూడా ఆ రెండో సగం కావాలి.

అందుకని నేను ప్రతి బ్యాచ్ చేత ఒక ఉత్తరమైనా రాయిస్తాను. పేపరు ఆఖరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ప్రింటరు, పబ్లిషరు, ఎడిటరు పేర్లు ఉంటాయి చూడండి, అది మర్యాదకు వేసింది కాదు, చట్టం వేయమన్నది. చాలామంది పెద్దవాళ్లు కూడా జీవితంలో ఒక్కసారీ చదవని లైను అది. తప్పు కనబడితే ముందు ఆ ఎడిటరుకే రాయాలి, తేదీ, పేజీ, తప్పు ఏమిటి, సరైనది ఏమిటి, దానికి కాగితం ఏమిటి అని. జవాబు రాకపోయినా నచ్చకపోయినా ప్రెస్ కౌన్సిల్‌కి వెళ్లొచ్చు, దినపత్రిక అయితే వార్త అచ్చైన రెండు నెలల్లోపు. కౌన్సిల్ జరిమానా వేయలేదు, హెచ్చరించగలదు, మందలించగలదు, అంతే. పిల్లలకు ఆ మాట దాచకండి, కోరల్లేని పాము అని ముందే చెప్పండి. టీవీ అయితే ముందు ఛానెల్‌కి, తర్వాత వాళ్ల స్వీయ నియంత్రణ సంస్థకి, ఆ పైన కేంద్రానికి, 2021 నుంచి ఈ మూడు మెట్లు నిబంధనల్లోనే ఉన్నాయి.

ఉత్తరాల వల్ల ఏం జరుగుతుందని అడుగుతారు. డెస్కులో కూర్చున్నవాడిగా చెబుతాను, మేం ప్రెస్ కౌన్సిల్‌కి భయపడలేదు ఎప్పుడూ. కానీ ఒక ఊరి నుంచి పేరు, తేదీ, కాగితం జతచేసి వచ్చిన ఉత్తరం బల్ల మీద పడితే ఆ మండల విలేకరికి ఫోను వెళ్లేది, మరుసటిసారి ఆ ఊరి వార్త రెండుసార్లు చూసేవాళ్లం. ఆరేళ్లలో అలాంటివి నేను చూసినవి పదిహేను కూడా ఉండవు, అదీ విషాదం. తిట్లు రోజూ వచ్చేవి, తిట్లకి ఎవరూ చలించరు. నెల్లిమర్ల దగ్గర ఒక స్కూలు పిల్లలు తమ ఊరి చెరువు పేరు తప్పు పడిందని రాస్తే సవరణ వచ్చింది, మూడు లైన్లు. ఆ మూడు లైన్లు కత్తిరించి నోటీసు బోర్డులో అంటించారు. చిన్నదే. కానీ పేపరును మార్చవచ్చని ఆ పిల్లలకు తెలిసింది, నాకు తొమ్మిదేళ్లు విలేకరిగా ఉన్నా తెలియలేదు.

కొంచెం పెద్ద పిల్లలైతే, తల్లిదండ్రుల్లో ఎవరైనా ముందుకొస్తే, సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టించవచ్చు, ప్రజల డబ్బుతో ఏ పేపరుకు ఎంత ప్రకటనల బిల్లు ఇచ్చారని. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. ఆ జవాబునీ, మీరు స్కేలుతో కొలిచిన లెక్కనీ పక్కపక్కన పెట్టి చూస్తే పాఠం మీరు చెప్పక్కర్లేదు.

మీ జాగ్రత్త మీరు చూసుకోండి. మీరు ప్రభుత్వోద్యోగి, 1964 నాటి నడవడి నియమాలు మెడ మీద ఉంటాయి, పైగా ఊళ్లో రెండు పార్టీలూ ఉంటాయి. ఇవాళ్టి పేపరు, మీ నియోజకవర్గం వార్త ముట్టుకోవద్దు. రెండు మూడేళ్ల కిందటివి, వేరే జిల్లావి తీసుకోండి. రెండు వైపుల పేపర్లూ ఒకే రోజువి ఉండాలి, ఒక్కటే పట్టుకెళ్తే సాయంత్రానికి మీ మీద ముద్ర పడిపోతుంది. దరఖాస్తు మీ పేరుతో పెట్టకండి. పిల్లల్లో ఎవరి నాన్నగారైనా విలేకరి అయితే ముందే వెళ్లి కలవండి. వీలైతే ఆయన్నే ఒక క్లాసుకి పిలవండి, యాడ్ టార్గెట్ గురించి నాకన్నా బాగా చెబుతారు. విలేకరిని దొంగగా చూపించే క్లబ్బు పెట్టేకన్నా మానేయడం మేలు. వాడి మెడ మీద ఎవరి కాలు ఉందో పిల్లలకు కనబడాలి.

పాత పేపర్ల కోసం ఇళ్లు తిరగకండి, చిత్తు కాగితాలు కొనేవాడి దగ్గర కిలో లెక్కన దొరుకుతాయి, తేదీలవారీగా ఏరుకోనిస్తాడు. మొదటి క్లాసుకి మంగళవారం పేపరు తీసుకెళ్లండి, సోమవారంది వద్దు. ఆదివారం ఆఫీసులు, కోర్టులు ఉండవు కాబట్టి సోమవారం పేజీ నింపడానికి డెస్కులో మేం ఏమేం చేసేవాళ్లమో పిల్లలు పట్టుకోవాలంటే కాస్త చెయ్యి తిరగాలి, దాన్ని రెండో నెలకు దాచండి. నా దగ్గర 2018 మే కట్ట ఉంది, నా శీర్షికతో సహా. కావాలంటే విజయనగరం వచ్చినప్పుడు తెచ్చిస్తాను.